మార్కాపురం రాతి పలక: నాలుగు నెలలు వాడాక

వరంగల్ చౌరస్తా దగ్గర ఒక స్టేషనరీ షాపులో తీసుకున్నాను. పలక 110 రూపాయలు, బలపాల డబ్బా ఇంకో 20. షాపాయన "బాబుకా, పాపకా సార్?" అని అడిగాడు. మా బాపుకి అన్నాను. బాపుకి 69 ఏళ్లు, ఇప్పుడు అక్షరాలు దిద్దుతున్నాడు. షాపాయన నవ్వలేదు. చేతిలో ఉన్నది పక్కన పెట్టి పెద్ద సైజుది తీసి ఇచ్చాడు. ఆ షాపుకు అందుకే ఒక మార్కు ఎక్కువ.

మొదట రేకు పలక తెచ్చాను, దండగ. ట్యూబులైటు కింద మెరిసి ఒక్క అక్షరం కనబడదు. ఈ రాతి పలక మీద గీత తెల్లగా పడుతుంది, బాపుకి కళ్లజోడు లేకున్నా కనిపిస్తుంది. నోటుబుక్కు కూడా ఇచ్చి చూశాను. పెన్ను పట్టగానే చెయ్యి బిగుసుకుపోయింది. "కాయిదం మీద తప్పు పడితే ఎట్ల బిడ్డా?" అన్నాడు.

కాయిదం అంటే ఆయనకు ఊరికే భయం కాదు. పదమూడేళ్లప్పుడు, తాత చేసిన అప్పు కింద దొర దగ్గర జీతానికి పెట్టారు. అక్కడ ఎవరో ఏదో రాశారు, తాత వేలిముద్ర వేశాడు. ఎంత రాశారో ఇప్పటికీ మా ఇంట్లో ఎవరికీ తెలియదు. 1976లో వెట్టి కార్మికుల చట్టం వచ్చి అలాంటి అప్పులు చెల్లవన్నది. ఆ ముక్క బాపు చెవిన పడేసరికి ఇంకో మూడేళ్లు గడిచాయి. ఆ మూడేళ్లూ ఉత్త పుణ్యానికి బర్లు కాశాడు.

పలక మీదైతే తప్పు పోయినా భయం లేదు. తడిగుడ్డ ఇస్తే ముట్టడు, అరచేత్తో తుడిచి అంగీకి రాసుకుంటాడు. అమ్మ తిట్లు వేరే లెక్క.

నేను బడిలో సోషల్ చెప్తాను. ఒకరాత్రి బాపుకి ఫ్రెడరిక్ డగ్లస్ సంగతి చెప్పాను. అమెరికాలో బానిసగా పుట్టిన పిల్లవాడు. యజమానురాలు అక్షరాలు మొదలుపెడితే, చదువొస్తే బానిసగా పనికిరాడని మొగుడు ఆపించాడు. అంతకుముందే, 1740లోనే, సౌత్ కరోలినాలో బానిసకు రాయడం నేర్పితే 100 పౌండ్ల జరిమానా. ఆ పిల్లవాడు బాల్టిమోర్‌లో, ఓడలు కట్టే చోట, ఏ దుంగ ఎటువైపుదో గుర్తుకు వడ్రంగులు రాసే అక్షరాలు చూసి నాలుగు నేర్చుకున్నాడు. తర్వాత వీధి పిల్లలతో "మీ అంత బాగా నేనూ రాస్తా" అని పంతం పట్టి, వాళ్లు రాసి చూపించినవి పట్టేశాడు. సుద్దముక్కతో కంచె చెక్కల మీద, ఇటుక గోడల మీద దిద్దాడు. 1838లో తప్పించుకున్నాడు.

అంతా విని బాపు ఒకటే అడిగాడు: "ఆ పోరనికి పలక కొనిచ్చేటోళ్లు లేకుండెనా?"

లోపాలూ ఉన్నాయి. రెండో నెలకే ఫ్రేమ్ మూలన మేకు పైకి లేచి బాపు బొటనవేలు గీరుకుంది. సుత్తితో కొట్టి సరిచేశాను. వెనకవైపు గీతలు పదిహేను రోజుల్లో మాసిపోయాయి. బలపాల డబ్బాలో సగం విరిగినవే. ఒళ్లో పెట్టుకుంటే బరువు కూడా. అయినా ఐదుకు నాలుగు ఇస్తాను.

మొన్న పింఛన్ తీసుకునే దగ్గర బాపు సంతకం పెడతానన్నాడు. మిషన్ మీద వేలే పెట్టాలన్నారు. ఇంటికొచ్చి పలక రెండు వైపులా సంతకాలతో నింపి, తుడవకుండా తలుపు పక్కన నిలబెట్టాడు.