ఈనమ్ డిస్క్రిప్షన్లు సర్వీసు దాటి రావాలంటే: నాలుగేళ్లు వాడాక నా అభిప్రాయం

ఈనమ్ (పేర్లున్న స్థిర విలువల జాబితా) విలువలకు మనుషులు చదివే వివరణలను సర్వర్ నుంచి క్లయింట్‌కి చేర్చే పనిని డబ్ల్యూసీఎఫ్ (డాట్‌నెట్‌లో సర్వీసులు రాసే ఫ్రేమ్‌వర్క్) సర్వీసుల్లో రకరకాలుగా చేసి చూశాను. సర్వర్ వైపు ఈనమ్‌లో అండర్‌రివ్యూ అనే మెంబర్ మీద డిస్క్రిప్షన్ ఆట్రిబ్యూట్ (కోడ్‌కి తగిలించే అదనపు సమాచారం) పెట్టి "పరిశీలనలో ఉంది" అని రాశాం, క్లయింట్‌లో సర్వీస్ రిఫరెన్స్ యాడ్ చేసి చూస్తే డ్రాప్‌డౌన్‌లో మాత్రం అండర్‌రివ్యూ అనే కనబడుతోంది. ఎక్కడో తప్పు చేశామనుకుని రెండు రోజులు వెతికాం. తప్పేమీ లేదు. ఆ ఆట్రిబ్యూట్ అసెంబ్లీలో (కంపైలైన ఫైలులో) ఉండే మెటాడేటా, సీరియలైజర్ (డేటాను పంపే రూపంలోకి మార్చే భాగం) దాన్ని అసలు చూడదు, డబ్ల్యూఎస్‌డీఎల్‌లోకి (సర్వీసును వర్ణించే ఎక్స్‌ఎంఎల్‌లోకి) వెళ్లదు, ఇక దాని నుంచి క్లయింట్‌లో తయారయ్యే ప్రాక్సీ కోడ్‌లోకి ఎలా వస్తుంది?

తర్వాత ఈనమ్‌మెంబర్ ఆట్రిబ్యూట్‌లోని (మెంబర్ ఏ పేరుతో బయటికి వెళ్లాలో చెప్పేది) వాల్యూలో ఆ వాక్యాన్నే పెట్టాం. డబ్ల్యూసీఎఫ్‌కి ముందున్న ఏఎస్‌ఎంఎక్స్ సర్వీసుల్లో ఎక్స్‌ఎంఎల్‌ఈనమ్ ఆట్రిబ్యూట్ చేసే పనే ఇది. వచ్చింది, క్లయింట్‌లో రిఫ్లెక్షన్‌తో (ప్రోగ్రామ్ నడుస్తుండగా ఆట్రిబ్యూట్లను చదివే పద్ధతి) చదివి చూపించాం, చాలా సంతోషపడ్డాం కూడా. ఏడాది తర్వాత ఒకరు ఆ వాక్యంలో ఒక అక్షరదోషం సరిదిద్దారు, అంతే, ప్రాక్సీ అప్‌డేట్ చేసుకోని క్లయింట్లన్నీ ఆ విలువ రాగానే డీసీరియలైజేషన్ ఎర్రర్‌తో ఆగిపోయాయి. ఆ రాత్రి టెన్షన్ ఇంకా గుర్తుంది. మనిషి చదివే మాటను కాంట్రాక్టులో (సర్వర్, క్లయింట్ మధ్య ఉన్న ఒప్పందంలో) పెడితే ఆ మాట మార్చిన ప్రతిసారీ కాంట్రాక్టు మారినట్టే, అది నాకు అప్పుడే అర్థమైంది. (ఇంకో చిక్కు: ఈనమ్‌కి డేటాకాంట్రాక్ట్ అనే ఆట్రిబ్యూట్ పెట్టాక కొత్త మెంబర్‌కి ఈనమ్‌మెంబర్ పెట్టడం మరిచిపోతే ఆ విలువ సీరియలైజ్ కాదు, ఎర్రర్ వస్తుంది. ఒకేసారి పలు విలువలు పట్టే ఫ్లాగ్స్ ఈనమ్ అయితే విలువల మధ్య ఖాళీయే విభజన గుర్తు, కాబట్టి ఖాళీలున్న వాక్యాలు పెట్టనే కూడదు.)

రెండు వైపులా డాట్‌నెట్టే ఉంటే ఈనమ్‌ని వేరే అసెంబ్లీలో పెట్టి, రిఫరెన్స్ చేసిన అసెంబ్లీల టైపులనే వాడమని టిక్ పెట్టడం బాగా పనిచేస్తుంది, డిస్క్రిప్షన్ అలాగే ఉంటుంది. జావా క్లయింట్ ఒక్కటి వచ్చినా దానికి ఈ దారి పనికిరాదు.

మూడేళ్లుగా వాడుతున్నది, అందరికీ చెప్పేది వేరే పద్ధతి: ఈనమ్ విలువ కోడ్‌గానే వెళ్తుంది, కోడ్, వివరణ జతల జాబితా ఇచ్చే చిన్న ఆపరేషన్ ఒకటి విడిగా ఉంటుంది, క్లయింట్ మొదలవగానే దాన్ని ఒక్కసారి తెచ్చి దాచుకుంటుంది. భాష కూడా పారామీటర్‌గా ఇస్తాం. అదనంగా ఒక కాల్, ఒక క్యాష్ రాయాలి, నిజమే, కానీ వాక్యాలు ఎన్నిసార్లు మార్చినా ఈ మూడేళ్లలో ఒక్క క్లయింట్ కూడా పడిపోలేదు.

ఎక్స్‌ఎంఎల్ బదులు జేసన్ ఫార్మాట్‌కి మారేవాళ్లు ఒకటి చూసుకోండి, న్యూటన్‌సాఫ్ట్ లైబ్రరీలోని స్ట్రింగ్‌ఈనమ్‌కన్వర్టర్ ఈనమ్‌మెంబర్‌ని గౌరవిస్తుంది, డాట్‌నెట్‌తోనే వచ్చే సిస్టమ్.టెక్స్ట్.జేసన్ లైబ్రరీ సొంత కన్వర్టర్ గౌరవించదు, డాట్‌నెట్ 9లో మాత్రం దానికోసం జేసన్‌స్ట్రింగ్‌ఈనమ్‌మెంబర్‌నేమ్ అనే ఆట్రిబ్యూట్ ఇచ్చారు. అందులో కూడా నేను చిన్న కోడ్‌లే పెడుతున్నాను.