తెలుగు టైపింగ్: ఇన్‌స్క్రిప్టా, ఫోనెటిక్కా? ఏది మేలు?

తెలుగులో స్పీడుగా, తప్పుల్లేకుండా టైప్ చేయాలంటే ఏ కీబోర్డు నేర్చుకోవాలని చాలామంది అడుగుతున్నారు. ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు అక్షరాలకు, గుణింతపు గుర్తులకు విడివిడిగా కీలుంటాయి. ఫోనెటిక్‌లో 'kamalaM' అని ఇంగ్లీష్ అక్షరాల్లో కొడితే 'కమలం' అని తెలుగులో పడుతుంది. ఇంగ్లీష్ టైపింగ్ వచ్చినవాళ్లు సహజంగా ఫోనెటిక్ వైపు మొగ్గుతారు. కొత్తగా నేర్చుకునేది పెద్దగా ఉండదు, మొదటి రోజే పని నడుస్తుంది. అది కాదనలేం.

స్పీడ్ లెక్కలో మాత్రం చిన్న తిరకాసు ఉంది. ఐదు కీలు నొక్కితే ఒక పదం అన్నది మామూలు లెక్క. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) పెట్టే సీహెచ్‌ఎస్‌ఎల్ పరీక్షలో ఇంగ్లీష్‌కు నిమిషానికి 35 పదాలంటే గంటకు 10,500 కీలు నొక్కడమే. తెలుగులో ఒకే మాటకు రెండు పద్ధతుల్లో నొక్కే కీల సంఖ్య వేరు. 'కమలం' ఇన్‌స్క్రిప్ట్‌లో 4 కీలు, ఫోనెటిక్‌లో 7. 'అమరావతి' ఇన్‌స్క్రిప్ట్‌లో 7, ఫోనెటిక్‌లో తొమ్మిదో పదో. హల్లులోని అకారం ఇన్‌స్క్రిప్ట్‌లో ఉచితం, ఫోనెటిక్‌లో ప్రతిసారీ కొట్టాలి. ఒత్తులు ఎక్కువైతే కథ తిరగబడుతుంది: 'స్త్రీ'కి ఇన్‌స్క్రిప్ట్‌లో 6 కీలు కావాలి, ఫోనెటిక్‌లో నాలుగైదుతో సరి. అందుకే ఇద్దరి స్పీడ్ పోల్చేటప్పుడు ఒకే పేరా ఇచ్చి, ఎన్ని నిమిషాల్లో అయిందో చూడండి. తప్పులు విడిగా లెక్కపెట్టండి.

నా దృష్టిలో అసలు తేల్చేది స్పీడ్ కాదు, కళ్లు ఎక్కడుంటాయన్నది. మాటల్ని ఊహించి చూపించే ఫోనెటిక్ టూల్స్‌లో 'kala' అని కొడితే కల, కళ లాంటివన్నీ జాబితాలో వస్తాయి. ఏది పడిందో స్క్రీన్ చూడకుండా తెలియదు. అన్నీ సరైన మాటలే కాబట్టి స్పెల్ చెక్ కూడా పట్టుకోదు. కాగితం చూసి పేజీలకు పేజీలు కొట్టేవాళ్లకు ఇది పెద్ద టెన్షన్. లేఖిని లాంటి ఫోనెటిక్ టూల్స్ ఊహించవు, కొట్టిందే ఇస్తాయి, ఈ విషయంలో చాలా నయం. కానీ ళ, ణ, ఠ వచ్చినప్పుడల్లా షిఫ్ట్ మరిచిపోకూడదు.

ఇన్‌స్క్రిప్ట్‌లో హల్లులు చాలావరకు కుడిచేతికి, గుణింతాలు ఎడమచేతికి వస్తాయి. చేతులు మార్చి మార్చి పడటంతో లయ కుదురుతుంది. 1986 నుంచి ఉన్న ప్రమాణం, విండోస్‌లో తెలుగు పెట్టుకుంటే విడిగా ఏమీ దించుకోకుండానే దొరుకుతుంది. కన్నడమో హిందీయో కొట్టాల్సి వచ్చినా 'క' అదే కీ మీద ఉంటుంది. మొదట్లో మాత్రం ప్రాణం విసుగెత్తుతుంది. ఒత్తుకు ముందు డి కీ నొక్కి పొల్లు పెట్టాలన్నది వేళ్లకు అలవాటయ్యేదాకా స్పీడ్ జోలికి పోకండి, బ్యాక్‌స్పేస్ లేకుండా నెమ్మదిగా కొట్టండి. ఉద్యోగం కోసమో, రోజూ పేజీలు కొట్టే పని కోసమో అయితే ఆ విసుగు భరించమనే అంటాను. వాట్సాప్‌లో నాలుగు లైన్లకైతే ఫోనెటిక్ చాలు, అనవసరంగా కష్టపడకండి.

డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో ఆపిల్ లేఅవుట్ అనే వేరే కీల అమరిక నడుస్తుంది. ఆ పనిలో చేరేవాళ్లు అదే నేర్చుకోవాలి, మిగతావాళ్లకు అక్కర్లేదు. వాయిస్ టైపింగ్ చిన్న మెసేజ్‌లకు బాగానే ఉంది, పేర్లూ కామాలూ మాత్రం చేత్తో సరిచేసుకోవాలి.