వేగం కోసం కట్టిన ఇంజన్‌కి ఏది మేలు: కార్బ్యురేటరా, ఫ్యూయల్ ఇంజెక్షనా?

1985లో వచ్చిన లాంబోర్గిని కౌంటాష్ క్వాట్రోవాల్వోలే కారు రెండు రూపాల్లో అమ్ముడైంది. యూరప్‌లో అమ్మిన కార్లకు వెబర్ కంపెనీ కార్బ్యురేటర్లు (లోపలికి వచ్చే గాలి ఈడ్పుతోనే పెట్రోలును కలిపే పరికరాలు) ఆరు ఉండేవి, ఆ 5.2 లీటర్ల, పన్నెండు సిలిండర్ల ఇంజన్ 455 హార్స్‌పవర్ ఇచ్చేది. పొగ నిబంధనలు కఠినంగా ఉన్న అమెరికాకు పంపిన కార్లలో అదే ఇంజన్‌కి బాష్ కంపెనీ ఫ్యూయల్ ఇంజెక్షన్ (పంపు ఒత్తిడితో పెట్రోలును చిమ్మే ఏర్పాటు) అమర్చగా, శక్తి దాదాపు 420కి దిగిపోయింది. ఫెరారీ 308లో ఇదే సంగతి అంతకు ముందే జరిగింది: కార్బ్యురేటర్లతో 255 హార్స్‌పవర్ అని కంపెనీ చెప్పుకున్న ఇంజన్, 1980లో ఇంజెక్షన్‌కి మారాక 214 దగ్గర ఆగింది. ఈ రెండు లెక్కలూ చూపి, గరిష్ఠ శక్తి కావాలంటే కార్బ్యురేటరే దిక్కని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ వాదనలో కొంత నిజం ఉంది. అది ఎంతవరకు నిజమో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకుంటే గానీ ఏ ఇంజన్‌కి ఏది తగునో తేలదు.

వెంచురి గొంతులోని చిక్కు

కార్బ్యురేటర్‌ను నడిపేది గాలి. పిస్టన్ కిందికి దిగినప్పుడు లోపలికి దూసుకొచ్చే గాలి వెంచురి అనే సన్నని గొంతు గుండా పోతూ వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదలే ఫ్లోట్ గదిలో (కార్బ్యురేటర్‌లో కాస్త పెట్రోలు నిల్వ ఉండే గిన్నె) ఉన్న పెట్రోలును జెట్ అనే సన్నని రంధ్రం గుండా పైకి లాగి గాలిలో కలుపుతుంది. సెన్సర్ లేదు, కరెంటు లేదు, లెక్కంతా జెట్ రంధ్రపు కొలతలోనే ఉంది. ఇంత తక్కువ సామగ్రితో ఇంత సున్నితమైన పని చేసిన పరికరాలు అరుదు, దాని మీద నాకున్న గౌరవం కొద్దిదేమీ కాదు.

అయితే వేగం కోసం కట్టిన ఇంజన్‌లో ఆ గొంతే ఇబ్బంది తెచ్చిపెడుతుంది. 7000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర ఇంజన్ విపరీతంగా గాలి పీలుస్తుంది కాబట్టి గొంతు పెద్దదిగా ఉండాలి, లేకపోతే దానికి ఊపిరాడదు. అదే పెద్ద గొంతులో 2000 ఆర్‌పీఎం దగ్గర గాలి మందకొడిగా నడుస్తుంది, పెట్రోలును లాగే బలం చాలదు, సన్నని తుంపరగా రావలసినది బొట్లు బొట్లుగా పడుతుంది, యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజన్ ఒక్క క్షణం తడబడుతుంది. ఈ తడబాటును కప్పిపుచ్చడానికే యాక్సిలరేటర్ పంపు, ఐడిల్ జెట్, ఎమల్షన్ ట్యూబ్, ఎయిర్ కరెక్టర్, రెండో జత గొంతులను ఆలస్యంగా తెరిచే వ్యాక్యూమ్ ఏర్పాటు ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరాయి. అమెరికాలో నాలుగు గొంతుల కార్బ్యురేటర్‌ను కొలిచే పద్ధతి చూస్తే ఈ రాజీ స్పష్టంగా కనిపిస్తుంది: దానికి ఇరువైపులా 1.5 అంగుళాల పాదరసం మేర పీడన తేడా ఉన్నప్పుడు నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి పోతుందో చూసి 600, 750, 850 అని అంకె వేస్తారు. వాతావరణ పీడనం 30 అంగుళాల పాదరసానికి దరిదాపుగా ఉంటుంది కనుక, ఆ కొలత దగ్గర పనిచేసే కార్బ్యురేటర్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు సైతం 5 శాతం పీడనాన్ని తనే మింగేస్తుందన్నమాట. ఆ నష్టం తగ్గించుకోవాలని 600 చాలిన కారుకి 850 బిగిస్తే, పైన దొరికే నాలుగు గుర్రాల కోసం కింద పికప్ అంతా పోగొట్టుకోవలసి వస్తుంది.

ఇంజెక్షన్‌కి వెంచురి అక్కర్లేదు. పంపు ఒత్తిడితో పెట్రోలును చిమ్ముతుంది కాబట్టి, గాలి లోపలికి వచ్చే దారిని ఇంజన్‌కి కావలసినంత వెడల్పుగా పెట్టుకోవచ్చు. గాలి వేగం తక్కువగా ఉన్నా తుంపర మాత్రం సన్నగానే ఉంటుంది.

చల్లదనం అనే లాభం

మరి కార్బ్యురేటర్ వైపు నిజం ఎక్కడుంది? మట్టికుండలో నీరు చల్లబడినట్టే, పెట్రోలు ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలి నుంచి వేడిని లాక్కుంటుంది. వాల్వుకు దూరంగా, మేనిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాలు) మొదట్లోనే పెట్రోలును కలిపే కార్బ్యురేటర్‌లో ఆవిరి కావడానికి సమయం ఎక్కువ దొరుకుతుంది, గాలి బాగా చల్లబడి చిక్కనవుతుంది, సిలిండర్‌లోకి కాస్త ఎక్కువ ప్రాణవాయువు చేరుతుంది. వాల్వు పక్కనే చిమ్మే పోర్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు చాలావరకు వేడిగా ఉన్న వాల్వు వెనుక భాగాన్ని తాకి, ఆ లోహపు వేడితోనే ఆవిరవుతుంది. గాలికి అంత చల్లదనం దక్కదు. జాగ్రత్తగా కుదిర్చిన కార్బ్యురేటర్, డైనో (ఇంజన్ శక్తిని కొలిచే యంత్రం) మీద పూర్తి థ్రాటిల్‌లో (యాక్సిలరేటర్ మొత్తం తొక్కినప్పుడు), పోర్ట్ ఇంజెక్షన్‌తో సమానంగా నిలవడానికీ, ఒక్కోసారి రెండు మెట్లు పైనుండడానికీ ఇదే ముఖ్య కారణం.

ఈ వాదన రెండో ప్రపంచ యుద్ధంలో ఆకాశంలోనే తేల్చుకోవలసి వచ్చింది. బ్రిటన్ స్పిట్‌ఫైర్ విమానంలోని రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజన్‌లో కార్బ్యురేటర్, గాలిని ఒత్తి ఇంజన్‌లోకి నెట్టే సూపర్‌చార్జర్‌కి ముందు ఉండేది. అక్కడ కలిసిన పెట్రోలు గాలిని చల్లబరచి శక్తిని పెంచుతుందని దాని ఇంజనీర్లు లెక్కకట్టి మరీ సమర్థించారు. జర్మనీ మెసర్‌ష్మిట్ 109లోని డైమ్లర్ బెంజ్ 601 ఇంజన్‌లో పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్మేవారు. జర్మన్ విమానం ముక్కు వంచి ఉన్నపళంగా కిందికి దూకితే, వెంటబడిన స్పిట్‌ఫైర్‌లో ఫ్లోట్ గదిలోని పెట్రోలు పైకి ఎగిరి ఇంజన్ క్షణకాలం ఆగిపోయేది. 1941లో ఫార్న్‌బరో పరిశోధన కేంద్రంలో పనిచేసే బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు, పెట్రోలు ప్రవాహాన్ని కొలతకు కట్టడి చేసే చిన్న బిళ్లను తయారుచేసి చాలామంది పైలట్ల ప్రాణాలకు భరోసా ఇచ్చారు. కారులో ఇంత ఉపద్రవం ఉండదు కానీ స్వభావం అదే: రేసు ట్రాక్ మీద పొడవైన మలుపులో పెట్రోలు ఒక పక్కకు ఒరిగిపోతుంది, జెట్‌కి అందదు, సరిగ్గా శక్తి కావలసిన చోట ఇంజన్ మిస్సింగ్ కొడుతుంది. ఇంజెక్షన్‌లో ఫ్లోట్ గదే లేదు కనుక, ట్యాంకులో పంపుకు పెట్రోలు అందినంత సేపు ఈ బాధ లేదు.

చల్లదనంతో పాటు తడి కూడా వస్తుందన్నది మరచిపోకూడదు. ఒకే కార్బ్యురేటర్ ఎనిమిది సిలిండర్లకు పంచేటప్పుడు, గాలి తేలికగా మలుపు తిరుగుతుంది, బరువైన పెట్రోలు బొట్లు మాత్రం ఎదురు గోడను కొట్టుకుని అక్కడే అంటుకుంటాయి. ఫలితంగా ఒక సిలిండర్‌కి రిచ్‌గా (పెట్రోలు ఎక్కువై), ఇంకొకదానికి లీన్‌గా (పెట్రోలు తక్కువై) మిశ్రమం అందుతుంది; లీన్‌గా నడిచే సిలిండర్ కరిగిపోకుండా కాపాడుకోవడానికి మిగతా ఏడింటికీ అవసరానికి మించి పెట్రోలు తాగించాలి. సిలిండర్‌కి ఒక గొంతు చొప్పున వెబర్లు పెట్టడానికి కారణం ఇదే, వాటి అందమూ ఇదే. ఖర్చూ, వాటన్నిటినీ ఒకే తీరున తెరుచుకునేలా సమం చేసే ఓపికా ఉన్నవారికి అవి ఇప్పటికీ అద్భుతంగా పనిచేస్తాయి.

యంత్రపు ఇంజెక్షన్, ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఒకటి కావు

మొదట చెప్పిన ఫెరారీ, లాంబోర్గిని లెక్కల గుట్టు ఇక్కడ ఉంది. వాటిలో పెట్టిన బాష్ కె-జెట్రోనిక్ అనే యంత్రపు పద్ధతిలో, వచ్చే గాలి ఒక పళ్లేన్ని పైకి నెట్టాలి, ఆ పళ్లెం లేచినదాన్ని బట్టి పెట్రోలు ఎడతెగకుండా చిమ్ముతుంది. గాలికి ఆ పళ్లెం అడ్డమే. పైగా రేసు తరహా క్యామ్ (వాల్వులను తెరిచే కడ్డీ) పెడితే గాలి వెనక్కీ ముందుకీ తన్నుకుని పళ్లెం వణుకుతుంది కనుక, క్యామ్‌ను నెమ్మదిగా ఉంచక తప్పదు. పొగ తగ్గించడానికి చేసిన మార్పులు దీనికి తోడయ్యాయి. 1982లో ఫెరారీ అదే ఇంజన్‌కి సిలిండర్‌కి నాలుగు వాల్వులు పెట్టగానే, ఇంజెక్షన్‌తోనే శక్తి 240కి లేచింది. అంటే ఓడింది ఒక ప్రత్యేకమైన పద్ధతి. ఇంజెక్షన్ అనే ఆలోచనను అందుకు తప్పుపట్టలేము.

అంతకు ముందరి చరిత్ర చూస్తే త్రాసు ఇంజెక్షన్ వైపే మొగ్గింది. 1952లో ఫ్రాన్స్‌లోని లె మాన్ రేసు గెలిచిన మెర్సిడెస్ రేసు కారు మూడు కార్బ్యురేటర్లతో దాదాపు 170 హార్స్‌పవర్ ఇస్తే, దాని నుంచి పుట్టి 1954లో వచ్చిన 300 ఎస్ఎల్ అదే మూడు లీటర్ల ఇంజన్‌తో, సిలిండర్‌లోకే చిమ్మే బాష్ పంపు సాయంతో 215 ఇచ్చింది. 1957లో షెవర్లే కార్వెట్‌లో 283 ఘనపుటంగుళాల ఇంజన్‌కి రెండు నాలుగు గొంతుల కార్బ్యురేటర్లు పెడితే 270, రోచెస్టర్ ఇంజెక్షన్ పెడితే 283. కానీ యంత్రపు ఇంజెక్షన్‌కి తనవైన లోపాలున్నాయి. 300 ఎస్ఎల్‌లో తాళం తిప్పి ఆపాక కూడా ఇంజన్ నిలిచేదాకా పంపు పెట్రోలు పోస్తూనే ఉండేది, అది గోడల వెంట జారి ఆయిల్‌ను పలచన చేసేది. కార్వెట్‌లో 1965 నాటికి 375 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజెక్షన్‌కి 538 డాలర్లు అదనం కాగా, కార్బ్యురేటర్‌తో 425 ఇచ్చే పెద్ద ఇంజన్ సుమారు 293 డాలర్లకే దొరికింది. ఆ ఏడాదితోనే షెవర్లే ఇంజెక్షన్‌ను పక్కనబెట్టింది. ఆ లెక్క చూశాక దాన్ని తప్పు నిర్ణయమని నేను అనలేను.

ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ వచ్చాక లెక్క మొత్తం మారింది. 6000 ఆర్‌పీఎం దగ్గర నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక పూర్తి ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ కొద్ది వ్యవధిలో ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో ఈసీయూ (ఇంజన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) గాలి పీడనం, ఉష్ణోగ్రత, థ్రాటిల్, ఆర్‌పీఎం చూసి ప్రతిసారీ కొత్తగా నిర్ణయిస్తుంది. జెట్ మారిస్తే కార్బ్యురేటర్‌లో ప్రతి చోటా ఎంతో కొంత మారుతుంది. ఇక్కడ 3500 దగ్గర మాత్రమే ఉన్న లోపాన్ని, మిగిలినదేదీ కదపకుండా, అక్కడికక్కడే సరిచేయవచ్చు. గరిష్ఠ శక్తికి గాలి పెట్రోళ్ల నిష్పత్తి (ఒక వంతు పెట్రోలుకు ఎన్ని వంతుల గాలి, బరువు లెక్కన) 12.5, 13 మధ్య ఉండాలి, తాపీగా పోయేటప్పుడు 14.7 చాలు, ఈ రెండింటినీ ఒకే ఇంజన్‌లో కచ్చితంగా సాధించడం, దాంతో పాటు ఇగ్నిషన్ టైమింగ్‌నూ అదే చేతిలో ఉంచుకోవడం అసలైన లాభం. టర్బో ఉన్న ఇంజన్‌కైతే చర్చే అక్కర్లేదు, ఇంజెక్షన్ తప్ప నేను మరొకటి సూచించను. ఇక ఇప్పటి డైరెక్ట్ ఇంజెక్షన్ 200 బార్ లేదా అంతకు మించిన ఒత్తిడితో సిలిండర్‌లోకే చిమ్మి, చల్లదనం అనే కార్బ్యురేటర్ సొత్తును కూడా తన వైపు తెచ్చుకుంది. వాల్వులను కడిగే పెట్రోలు లేక వాటి వెనుక మసి పేరుకోవడం దాని బలహీనత. టయోటా వంటివారు పోర్ట్ ఇంజెక్టర్లను కూడా జతచేసి దాన్ని చక్కదిద్దారు.

అమెరికా నాస్కార్ అగ్రశ్రేణి రేసుల్లో 2012 వరకు కార్బ్యురేటర్లే నడిచాయి, డ్రాగ్ రేసుల్లోని ప్రో స్టాక్ తరగతి 2016లో మారింది. ఈ మార్పులు నిబంధనల వల్ల వచ్చాయి. అంతవరకు రేసు మెకానిక్కులు కార్బ్యురేటర్ నుంచి పిండుకోగలిగినదంతా పిండుకున్నారు. రేసులో ఇంజన్ ఎక్కువసేపు పూర్తి థ్రాటిల్‌లో, ఇరుకైన ఆర్‌పీఎం పరిధిలో తిరుగుతుంది, ప్రతి ఉదయం వాతావరణం చూసి జెట్లు మార్చే మనిషి పక్కనే ఉంటాడు. రోడ్డు మీద కారు నడిపేవారికి ఆ వైభోగం లేదు.

మన రోడ్ల మీద

మన దగ్గర పాత మారుతి జిప్సీ ఉదాహరణ చాలామంది ఎత్తుతారు: కార్బ్యురేటర్ జిప్సీ కింగ్ 60 హార్స్‌పవర్, 2000లో వచ్చిన ఎంపీఎఫ్ఐ (సిలిండర్‌కి ఒక ఇంజెక్టర్ ఉండే పద్ధతి) జిప్సీ 80. ఆ ఇరవై గుర్రాలూ ఇంజెక్షన్ ఖాతాలో రాయడం సరికాదు, ఎనిమిది వాల్వుల చోట పదహారు వచ్చాయి. ఇంజెక్షన్ తెచ్చిన మేలు వేరే చోట కనబడుతుంది. మే నెలలో విజయవాడ ఎండలో కాసేపు ఆపిన కార్బ్యురేటర్ కారులో ఫ్లోట్ గదిలోని పెట్రోలు మరిగి, మళ్లీ స్టార్ట్ చేయడానికి చెమటలు పట్టిస్తుంది; సుమారు 3 బార్ ఒత్తిడిలో ఉండే ఇంజెక్షన్ పెట్రోలు అంత తేలిగ్గా మరగదు. హైదరాబాద్‌లో కుదిర్చిన జెట్లతో 5,300 మీటర్లు దాటిన ఖర్దుంగ్‌లా ఎక్కితే పలచని గాలిలో మిశ్రమం రిచ్ అయి నల్లపొగ వస్తుంది, ప్లగ్గులు మసిబారతాయి.

వీటికి మించిన సంగతి ఇథనాల్. స్వచ్ఛమైన పెట్రోలుకు 14.7 కావలసిన గాలి నిష్పత్తి, 20 శాతం ఇథనాల్ కలిస్తే సుమారు 13.5కి మారుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది ఈ పెట్రోలే. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఇంజెక్షన్ ఆ తేడాను చాలావరకు తానే సర్దుకుంటుంది. పాత జెట్లతో ఉన్న కార్బ్యురేటర్ ఇంజన్ మాత్రం దాదాపు 8 శాతం లీన్‌గా నడుస్తుంది. జోరుగా నడిపేవారికి అది వేడెక్కడం, వాల్వులు కాలడం అనే ముప్పు. కాబట్టి పాత కారులో కార్బ్యురేటర్‌నే ఉంచుకోదలిస్తే, జెట్లు పెంచడం, రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్‌లు ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించడం ముందు చేయవలసిన పని.

నా అభిప్రాయం ఇది. కొత్తగా ఇంజన్ కడుతున్నవారు, టర్బో పెడుతున్నవారు, రోజూ నడిపే కారుకి జోరు పెంచుకుంటున్నవారు ఇంజెక్షన్ ఎంచుకోవాలి. అయితే ఖర్చును పంపు, మిగిలిన పెట్రోలు ట్యాంకుకి వెనక్కి పోయే గొట్టం, ట్యాంకు లోపలి అడ్డుగోడలు, సెన్సర్లు, వైరింగ్, ఈసీయూ, చివరికి డైనో మీద ట్యూనింగ్ అన్నీ కలిపి లెక్కవేసుకోవాలి. ట్యూనింగ్ సరిగ్గా జరగని ఇంజెక్షన్ కన్నా బాగా కుదిరిన కార్బ్యురేటర్ ఎంతో నయం. కార్బ్యురేటర్ స్థానంలో కూర్చుని అక్కడే పెట్రోలు చిమ్మే థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ కిట్లు చలి స్టార్టింగ్, ఎత్తు, వేడి సమస్యలు తీరుస్తాయి గానీ, మేనిఫోల్డ్‌లో తడి పంపకం లోపాన్ని అలాగే ఉంచేస్తాయి. పాత ఫియట్‌ను గానీ, వెబర్లతో పుట్టిన కారును గానీ ప్రేమతో నిలబెట్టుకుంటున్నవారు మార్చనవసరం లేదు. దారిలో జెట్ మూసుకుపోతే స్క్రూడ్రైవర్‌తో విప్పి ఊది బిగించే వీలు ఆ కార్లకే ఉంది. ఈ రెండో దారి పట్టేవారు మొదట కొనవలసింది సైలెన్సర్ గొట్టంలో బిగించే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్. ప్లగ్గు రంగు చూసి ఊహించే మిశ్రమ నిష్పత్తిని అది డ్యాష్‌బోర్డు మీద అంకెగా చూపుతుంది, ఏ జెట్ ఎంత మార్చాలో అప్పుడు తెలుస్తుంది.