టెకోన్షా ప్రాడిజీ పి3: పికప్ ట్రక్కులో బిగించి చూసిన ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్

ఎలక్ట్రిక్ బ్రేకులున్న ట్రైలర్‌ను లాగడానికి నేను ఈ కంట్రోలర్‌ను ఎంచుకోవడానికి ముఖ్య కారణం, ట్రక్కు ఎంత గట్టిగా వేగం తగ్గుతోందో లోపలి సెన్సారుతో గ్రహించి, అదే నిష్పత్తిలో ట్రైలర్ బ్రేకులకు కరెంటు పంపడం. అందుకే ట్రైలర్ వెనుక నుంచి తోసినట్టు గానీ, పట్టి లాగినట్టు గానీ అనిపించదు.

ట్రక్కు మోడల్‌కు సరిపడే హార్నెస్ (ప్లగ్గుతో వచ్చే తీగల కట్ట) ఉంటే, డాష్‌బోర్డు కింది సాకెట్‌లో గుచ్చడంతో వైరింగ్ పూర్తవుతుంది. సాకెట్ లేకపోతే నలుపు తీగను సర్క్యూట్ బ్రేకర్ ద్వారా బ్యాటరీ పాజిటివ్‌కు, తెలుపును నెగటివ్‌కు, ఎరుపును బ్రేక్ పెడల్ స్విచ్చికి, నీలాన్ని ట్రక్కు వెనుక ట్రైలర్ తీగలు తగిలించే ఏడు పిన్నుల కనెక్టరుకు కలపాలి. దీనికి ఓపిక కావాలి. బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పకుండా ఏ తీగనూ ముట్టుకోకూడదు.

కంట్రోలర్ పెట్టెను ప్రయాణ దిశకు సమాంతరంగా, కదలకుండా, మోకాలికి తగలని చోట బిగించాలి. బ్రాకెట్ వదులుగా ఉంటే సెన్సారు చెప్పే లెక్కను నమ్మలేం.

నాకు బాగా నచ్చినది సర్దుబాటు. చదునైన పొడి రోడ్డు మీద గంటకు సుమారు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ, చేతి మీటను పూర్తిగా జరిపి, ట్రైలర్ చక్రాలు బిగుసుకుపోయే స్థాయికి కాస్త దిగువన పవర్‌ను నిలిపాను. తెర మీద అంకె స్పష్టంగా కనిపిస్తుంది. సరుకు బరువు మారినప్పుడల్లా ఈ పరీక్ష మళ్లీ చేయాలి. బరువైన ట్రైలర్లకు 3 బూస్ట్ స్థాయులు (బ్రేకు వేసిన మొదట్లోనే ట్రైలర్ బ్రేకులు మరింత గట్టిగా పట్టేలా చేసేవి) అదనంగా ఉన్నాయి. సర్జ్ బ్రేకుల (ట్రక్కు వేగం తగ్గినప్పుడు ట్రైలర్ ముందుకు తోసే ఒత్తిడితోనే పనిచేసే బ్రేకుల) ట్రైలర్ ఉన్నవారికి మాత్రం ఈ ఖర్చు అనవసరం.