రంభలో పడవెక్కే ముందు బేరం ఎలా ఆడాలంటే

ఒడిశాలో చిలిక సరస్సు ఒడ్డునున్న రంభ జెట్టీలో గంటకు 1,200 అని ఎక్కిన మరపడవకు దిగేటప్పుడు 2,600 వదిలాయి. రెండు గంటలకు 2,400, బ్రేక్‌ఫాస్ట్ దీవి దగ్గర ఆపినందుకు ఇంకో 200. నీళ్ల మీద పడవ కదిలింది మాత్రం యాభై నిమిషాలే. బేరం తెగిన క్షణం నుంచే గంట లెక్క మొదలైందట. డీజిల్ డబ్బా తేవడానికి పోయిన ఇరవై నిమిషాలు, పడవను నెట్టే పంకాకు (ప్రొపెల్లర్) చుట్టుకున్న నాచు కోసిన పావుగంట, అన్నీ మన ఖాతాలోనే.

కాబట్టి గంట రేటు అడగకండి. "బ్రేక్‌ఫాస్ట్ దీవి, ఘంటశిల కొండ పక్కనున్న బీకన్ స్తంభం చూపించి మళ్లీ జెట్టీలో దించాలి. ఆగడం, డీజిల్ అన్నీ కలిపి ఎంత, బాబూ?" అని తెలుగులోనే అడగండి. ఇచ్ఛాపురం దాటగానే వచ్చేది ఈ గంజాం జిల్లాయే, తెలుగు తెలిసినవాళ్లు దొరుకుతారు. డీజిల్ పోసి ఉందో లేదో ట్యాంకు మూత తీయించి చూశాకే కాలు పెట్టండి. డాల్ఫిన్లు చూపిస్తామంటే మాత్రం నమ్మొద్దు. ఇరావడీ డాల్ఫిన్లు ఎక్కువగా కనిపించేది సరస్సుకు అటు చివర, పూరీ జిల్లా సతపడా దగ్గర.

నాచు విషయంలో పడవవాణ్ణి పూర్తిగా తప్పుపట్టలేం. చిలికలో చాలాచోట్ల లోతు రెండు మీటర్లు కూడా ఉండదు. అందుకే ఇక్కడ పొడుగు కడ్డీ చివర పంకా ఉండే ఇంజన్లు వాడతారు. నాచు తగిలితే కడ్డీని నీళ్లపైకి ఎత్తి, కోసి, మళ్లీ దించుతారు. గాలితో చల్లబడే ఇంజన్ కనక నాచు అడ్డుపడి వేడెక్కే బాధ లేదు. చప్పుడు మాత్రం చెవులు చిల్లులు పడేంత. ఇంజన్‌కు దూరంగా, ముందువైపు కూర్చోండి.

లైఫ్ జాకెట్ ఇస్తారు, కట్టరు. బకిల్ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే అది మీ సైజు కాదు. లోపలి ఫోమ్ నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతే మార్పించండి. ఎండాకాలం దక్షిణపు గాలి మధ్యాహ్నానికి బలపడుతుంది. లోతు తక్కువ కాబట్టి అలలు పొట్టిగా, దగ్గర దగ్గరగా లేచి ఒళ్లంతా తడిపేస్తాయి. పొద్దున్న ఆరింటికల్లా నీళ్ల మీద ఉంటే సరస్సు అద్దంలా ఉంటుంది.

బస గురించి చెప్పేంత లేదు, గది శుభ్రం. భోజనంలో ఖైంగా చేప వేపుడు మాత్రం మరో ప్లేటు చెప్పించుకున్నాం.

పడవలో ముఖం మాడ్చుకుని కూర్చున్న మా బావగారికి తిరుగు దారిలో సొంత పడవ పిచ్చి పట్టింది. ఆ తర్వాత కొచ్చి బోట్ షోలో మెరిసే ఫైబర్ పడవ ఫొటోలు తీశారు. అక్కడ చెప్పే ధర ఒట్టి పడవదా, ఇంజన్‌తో కలిపా అన్నది ముందు తేల్చుకోవాలి. ట్రెయిలర్, కవరు, నిలిపే చోటు ఖర్చు వేరే. 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం మోటారు పడవకు రిజిస్ట్రేషన్, సర్వే (పడవ తనిఖీ) ఉంటాయి. ఉప్పు నీళ్లలో తిప్పిన, పడవ వెనక బయట తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజన్‌ను ప్రతిసారీ పది నిమిషాలు మంచినీళ్లతో కడగాలి. లేకపోతే లోపలి నీటిదారులు ఉప్పు పట్టి మూసుకుపోతాయి. టూ స్ట్రోక్ అయితే 50:1 లెక్కన లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలపాలి.

కొత్తవాళ్లకు నా ఓటు గాలి నింపి తెడ్డుతో నడిపే ఇద్దరి కయాక్‌కే. కారు డిక్కీలో పడుతుంది, మోటారు గొడవ లేదు. మిట్టమధ్యాహ్నం ఒడ్డున ఎండలో వదిలితే లోపలి గాలి వ్యాకోచించి కుట్లు విడిపోతాయి, కాబట్టి కాస్త గాలి తీసి నీడకు లాగండి. దీవుల దగ్గర రాళ్లకు గుల్లలుంటాయి, బ్లేడులా కోస్తాయి. మోకాలి లోతు ఉండగానే దిగి, పడవను చేత్తో మోసుకెళ్లండి.