పిడి గాట్లలో మురికేదీ? బ్రాడ్‌ఫర్డ్ చాకుల యాత్ర

అక్టోబరు లాంగ్ వీకెండ్‌లో పెన్సిల్వేనియా ఉత్తరం అంచున ఉన్న బ్రాడ్‌ఫర్డ్ వెళ్ళొచ్చాం. నేను, మా ఆవిడ, ఇండియా నుంచి వచ్చిన మామయ్యగారు, అత్తయ్యగారు. ఈ ట్రిప్పులో నేను 285 డాలర్లకు మోసపోయాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు. పాత అమెరికన్ మడత చాకులు సేకరించే తెలుగువాళ్ళు తక్కువే కానీ, ఉన్నారు. వాళ్ళలో ఒక్కరికైనా ఆ డబ్బు మిగలాలని వివరంగా రాస్తున్నాను.

బ్రాడ్‌ఫర్డే ఎందుకంటే కేస్ చాకులు తయారయ్యే ఊరు అది. ఆ కుటుంబం న్యూయార్క్ రాష్ట్రంలో 1889లో చాకుల పని మొదలుపెట్టింది. డబ్ల్యూ.ఆర్. కేస్ అండ్ సన్స్ కంపెనీ 1905లో బ్రాడ్‌ఫర్డ్‌కి మారింది. జిప్పో లైటర్లు కూడా 1932 నుంచి ఇక్కడివే. 1993లో జిప్పో వాళ్ళే కేస్‌ని కొన్నారు. అందుకని మ్యూజియం రెండింటికీ కలిపి ఒకటే.

శుక్రవారం తెల్లవారుజామున అయిదింటికి న్యూజెర్సీ ఎడిసన్‌లో బయల్దేరి, మధ్యలో రెండు సార్లు ఆగి, పదకొండున్నరకి చేరాం. దారి బాగుంది, ఆకులు రంగు మారి కొండలు ఇంకా బాగున్నాయి. పులిహోర కారులోనే అయిపోయింది. రానూపోనూ, అక్కడ తిరిగినదీ కలిపి పెట్రోలుకి 88 డాలర్లు అయింది.

మ్యూజియం ఉచితం. ఆ రోడ్డు పేరే జిప్పో డ్రైవ్, వీధి దీపాలు కూడా లైటర్ ఆకారంలో ఉంటాయి. వచ్చిన పాత లైటర్లను బాగు చేసే పని అద్దంలోంచి చూడొచ్చు. అత్తయ్యగారు అక్కడే అరగంట నిలబడ్డారు. నేను కేస్ చాకుల అరల దగ్గర నుంచి కదల్లేదు. పనిచేసే అమ్మాయి నా ప్రశ్నలన్నిటికీ విసుక్కోకుండా జవాబు చెప్పింది. డబ్బు తీసుకునే చోట్ల కూడా ఇంత మర్యాద దొరకదు. వెళ్ళేముందు వేళలు మాత్రం చూసుకోండి.

చాకులు తెలియని వాళ్ళకి ఒక మాట. కేస్ చాకు నంబరులో మొదటి అంకె పిడి దేనితో చేశారో చెబుతుంది. 3 అంటే పసుపు ప్లాస్టిక్ లాంటి కాంపోజిషన్, 5 అంటే దుప్పి కొమ్ము, 6 అంటే గాట్లు పెట్టిన ఎముక, 8 అంటే ముత్యపు చిప్ప. రెండో అంకె ఎన్ని బ్లేడ్లో చెబుతుంది. మిగిలింది చాకు ఆకారం. 6254 అంటే ఎముక పిడి, రెండు బ్లేడ్లు, 54 నంబరు ఆకారం, అంటే ట్రాపర్ అనే రకం. బ్లేడు మొదట్లో కొట్టిన ముద్రని బట్టి కాలం తెలుస్తుంది. 1940 నుంచి 1964 వరకు డబుల్ ఎక్స్, 1965 నుంచి 1969 వరకు దాని కింద యు.ఎస్.ఎ. 1970లో పది చుక్కలు పెట్టి, ఏడాదికొకటి తీసేస్తూ వచ్చారు. ఏడు చుక్కలుంటే 1973. ఇంత శుభ్రంగా లెక్క చెప్పే వస్తువు పాత సామాన్లలో నేను ఇంకోటి చూడలేదు.

నేను మోసపోయింది ఆ 6 దగ్గరే. 6లో గ్రీన్ బోన్ ఉంది, రెడ్ బోన్ ఉంది, యుద్ధకాలంలో ఎముక కరువై వాడిన రఫ్ బ్లాక్ అనే నల్ల పిడీ ఉంది. అన్నిటికీ నంబరు ఒకటే, ధరలు మాత్రం వేరు. గోధుమ రంగు కింద నాచులాంటి పచ్చ మెరిసే గ్రీన్ బోన్ కోసం జనం నల్ల పిడికి ఇచ్చేదానికంటే చాలా ఎక్కువ ఇస్తారు. అంటే ఎవరైనా పాత చాకుకి నల్ల పిడి పీకేసి ఆకుపచ్చ ఎముక బిగిస్తే, నంబరు చూసి పట్టుకోవడం కుదరదు.

ఆ సంగతికి ముందు లాడ్జింగు సంగతి చెప్పాలి. హైవే పక్కన ఒక మోటెల్. ఫోన్లో రాత్రికి 89 డాలర్లన్నారు, నాన్ స్మోకింగ్ అన్నారు. కౌంటర్ దగ్గర మూడో మనిషికి పది, నాలుగో మనిషికి పది అదనం అన్నారు. రెండు రాత్రులకి పన్నులతో 241 అయింది. గది తలుపు తీయగానే పాత సిగరెట్ కంపు. అత్తయ్యగారికి ఆయాసం ఉంది, గది మార్చమని మా ఆవిడ వెళ్ళి అడిగింది. ఉన్నవన్నీ నిండిపోయాయని కౌంటర్లో ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు. రాత్రి పార్కింగులో లెక్కపెడితే మా కారుతో కలిపి ఆరు కార్లే ఉన్నాయి. కిటికీ తెరుచుకుని, స్వెట్టర్లు వేసుకుని పడుకున్నాం. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఇంకో ముప్పై డాలర్లు పోయినా పేరున్న హోటల్లో దిగండి. డబ్బు కట్టకముందే గదిలోకి వెళ్ళి వాసన చూడండి.

శనివారం ఉదయం కింజువా వంతెన చూశాం. 1882లో లోయ మీద కట్టిన రైలు వంతెన ఇది. 1900లో ఉక్కుతో తిరిగి కట్టారు. 2003లో సుడిగాలి వచ్చి మధ్య భాగాన్ని కూల్చేసింది. మిగిలిన కొసని నడిచే దారిగా మార్చి 2011లో తెరిచారు. చివర అద్దం నేల ఉంది, కింద రెండు వందల అడుగులకు పైగా లోయ. అత్తయ్యగారు అద్దం మీద కాలు పెట్టలేదు. మామయ్యగారు అప్పటి కర్నూలు జిల్లా ఆత్మకూరు వైపు నల్లమలలో ముప్పై ఏళ్ళు ఫారెస్టు డిపార్టుమెంటులో పనిచేసిన మనిషి. ఆయన లోయలో పడి ఉన్న ఉక్కుని చూడలేదు, చుట్టూ అడవిని చూస్తూ గంట గడిపారు. "పట్నం వదిలి అడవికి తెచ్చినావు బాబూ, ఇది చాలు" అన్నారు. అక్కడ టికెట్ లేదు, తప్పకుండా వెళ్ళండి.

మధ్యాహ్నం టైటస్‌విల్ దాకా పోయాం. 1859లో డ్రేక్ అనే ఆయన పెట్రోలియం బావి తవ్విన ఊరు. మనకి మాత్రం అది క్వీన్ చాకుల ఊరు. 1922లో మొదలై 2018లో మూతపడ్డ ఆ కంపెనీ చాకుల మీద వింటర్‌బాటమ్ అనే పొడుగు చారల గాట్ల ఎముక పిడి ఉంటుంది, ఒకసారి చూస్తే మళ్ళీ ఎక్కడున్నా గుర్తుపడతారు. 2006లో పెట్టిన గ్రేట్ ఈస్టర్న్ కట్లరీ కూడా ఇక్కడిదే, పాత పద్ధతిలో కొత్త చాకులు చేస్తారు. శనివారం కాబట్టి ఊళ్ళో ఒక చుట్టు తిరిగి వెనక్కి బయల్దేరాం.

తిరుగు దారిలో ఒక యాంటిక్ మాల్ కనబడింది. పెద్ద గోడౌన్, లోపల వందకు పైగా అరలు, ఒక్కో అర ఒక్కో వ్యాపారి అద్దెకు తీసుకున్నది. ఒక అద్దం పెట్టెలో ఆ చాకు. చీటీ మీద "కేస్ డబుల్ ఎక్స్, 6347, గ్రీన్ బోన్, 285". స్టాక్‌మన్ అనే రకం, మూడు బ్లేడ్ల పెద్ద చాకు. నాలుగేళ్ళుగా నేను వెతుకుతున్న చాకు. ముద్ర అసలుదే, బ్లేడ్లు అరగలేదు, తెరిచి మూస్తే చప్పుడు టక్కున వచ్చింది. నా చేతులు వణికాయి.

మామయ్యగారు దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "బాబూ, దీనికి డెబ్బై ఏళ్ళంటివి. పిడి గాట్లలో మురికేదీ?" అన్నారు.

శుభ్రం చేసి ఉంటారు మామయ్యగారూ, అన్నాను.

"ఇనుము మీద మరకలు వదిలేసి పిడి ఒక్కటే కడుగుతారా?" అన్నారు. నేను వినలేదు. మా ఆవిడ అప్పుడే కారెక్కింది. పాత చాకులకి క్యాష్ ఇస్తే నాలుగు డాలర్లు తగ్గిస్తారేమో అడిగాను, తగ్గించలేదు. అయినా క్యాషే ఇచ్చాను. రసీదులో "పాకెట్ నైఫ్, 1" అని మాత్రం రాశారు.

ఆదివారం పక్క ఊళ్ళో ఫైర్ స్టేషన్ వాళ్ళ హాలులో చిన్న చాకుల ప్రదర్శన. మనిషికి అయిదు డాలర్లు, లోపల నలభై టేబుళ్ళు. ఈ ట్రిప్పులో మనసుకి హాయిగా ఉన్న చోటు ఇదే. ఎనభై ఏళ్ళ పెద్దాయన ఒకరు గుడ్డ పరిచి రెమింగ్టన్లు పెట్టుకుని కూర్చున్నారు. 1920 నుంచి 1940 దాకా ఆ తుపాకుల కంపెనీ చాకులు చేసింది. వాళ్ళ లెక్కలో పిడి సంగతి చివరి అంకెలో ఉంటుంది. పిడి మీద తూటా బొమ్మ ఉండే ఆర్1123లో 3 అంటే ఎముక. 5 అంటే పైరెమైట్ అనే సెల్యులాయిడ్. ఆయన సెల్యులాయిడ్ చాకుల్ని వేరే డబ్బాలో, మూత తెరిచి ఉంచారు. అది పాడవడం మొదలైతే లోపలి నుంచి ఆమ్లపు ఆవిరి వస్తుంది, దాని బ్లేడ్లే కాకుండా పక్కనున్న మంచి చాకులకీ తుప్పు పట్టిస్తుంది. తేనె రంగు, క్యాండీ చారల పిడులు ఎంత ముద్దొచ్చినా మిగతా వాటితో కలిపి పెట్టకండి.

నా చాకు ఆయన చేతిలో పెట్టాను. ఆయన భూతద్దం తీసి నిమిషం చూసి ఏమీ అనలేదు. తన దగ్గరున్న అసలైన గ్రీన్ బోన్ చాకు తీసి నా ముందు పెట్టి, రెండూ పక్కపక్కన చూడమన్నారు. అప్పుడు కనబడింది. అసలు దాంట్లో పిన్నుల తలలు ఎముకలో కలిసిపోయి వేలికి తగలవు. నాదాంట్లో మెరుస్తూ చిన్న గుంటల్లో కూర్చున్నాయి, ఒకదాని చుట్టూ వెంట్రుకంత పగులు. అసలు దాంట్లో ఎముక, దాని కింది ఇత్తడి రేకు (లైనరు), పిడి కొసన ఉండే లోహపు ముక్క (బోల్‌స్టరు) ఒకే గోడలా ఉన్నాయి. నాదాంట్లో గోరు ఆగింది. లోపలి ఇత్తడి ఒక అంచున కొత్తగా మెరుస్తోంది, పిడి దింపినప్పుడు రాచుకున్న చోటు. గాట్లేమో మామయ్యగారు చెప్పినట్టే కడిగిన పళ్ళెంలా ఉన్నాయి.

నల్ల పిడితో అలాగే వదిలేసి ఉంటే వంద ఇచ్చేవాణ్ణి, ఇప్పుడు నలభై కూడా ఇవ్వను, అన్నారాయన.

నలభై మైళ్ళు వెనక్కి డ్రైవ్ చేసి యాంటిక్ మాల్‌కి వెళ్ళాను. కౌంటర్లో ఆవిడ గోడ మీద బోర్డు చూపించింది, అమ్మిన సరుకు వాపసు తీసుకోరట. వ్యాపారి ఫోన్ నంబరు ఇవ్వమంటే ఇవ్వలేదు. మీ రసీదులో గ్రీన్ బోన్ అని ఎక్కడుంది అని అడిగింది. ఎక్కడా లేదు. అసలు చీటీ కొన్నప్పుడే చింపి చెత్తబుట్టలో వేసింది ఆవిడే. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకుకి ఫిర్యాదు చేసేవాణ్ణి, క్యాష్‌కి ఆ దారి కూడా లేదు. ఇలాంటి చోట్ల కొంటే మూడు పనులు చేయండి. కార్డుతోనే కట్టండి. పిడి రకం, కాలం రసీదులో రాయించండి, రాయనంటే వదిలేసి రండి. ధర చీటీని ఫోటో తీసుకోండి.

మా ఆవిడ గంట సేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్న చెప్పినప్పుడైనా వినాల్సింది" అంది. అత్తయ్యగారు ఆవిణ్ణి కసిరి నాకు కారప్పూస డబ్బా అందించారు.

ఇంత జరిగాక కూడా ట్రిప్పు దండగ అనను. మాల్‌కి తిరిగి వెళ్ళకముందే, ఆ పెద్దాయన దగ్గర ఇంకో చాకు కొన్నాను. 5332, డబుల్ ఎక్స్ యు.ఎస్.ఎ, అంటే 1965, 1969 మధ్యది. మూడు బ్లేడ్లు, దుప్పి కొమ్ము పిడి. 140 అన్నారు, నా ముఖం చూసి 125కి ఇచ్చారు. పేరు, నంబరు, పిడి రకం, కాలం అన్నీ కాగితం మీద రాసి సంతకం పెట్టారు, నేను అడగకుండానే.

ఆ చాకుని మామయ్యగారి చేతిలో పెట్టాను. ఆయన బ్లేడు తెరవనే లేదు. బెరడు లాంటి పిడి మీద బొటనవేలితో రాస్తూ, "ఇది మన కణుజు కొమ్ము" అన్నారు. కణుజంటే సాంబార్ దుప్పి. ఈ దేశపు జింకల కొమ్ము లోపల బోలుగా గుల్లగుల్లగా ఉంటుంది, కణుజుది గట్టిగా బరువుగా ఉంటుంది, పెద్దాయన కూడా అదే చెప్పారు. ఆ రోజుల్లో చాకుల కంపెనీలకి సాంబార్ దుప్పి కొమ్ములు ఇండియా నుంచే వచ్చేవి, ఏటా అడవిలో రాలిపోయే కొమ్ములు. 1990ల చివర మన దేశం ఎగుమతి ఆపేసింది. అందుకే పాత దుప్పి పిడులకి ఇప్పుడీ గిరాకీ. మామయ్యగారు ఎండాకాలంలో సెలయేళ్ళ పక్కన ఆ కొమ్ములు ఎలా పడి ఉండేవో చెబుతుంటే పెద్దాయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. నేను మధ్యలో అనువాదం చేశాను. గంటన్నర ఎలా గడిచిందో తెలియలేదు.

ఎడిసన్ చేరేదాకా ఆ చాకు మామయ్యగారి చొక్కా జేబులోనే ఉంది. ఇల్లు చేరాక, మీరే ఉంచుకోండి, ఊరికి తీసుకెళ్ళండి, చెక్-ఇన్ పెట్టెలో పెడదాం అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు.

"వద్దు బాబూ. ఈ కొమ్ము ఇంట్లో పెట్టుకున్నారని ఎంతమంది మీద కేసులు రాసినానో. నేనే జేబులో వేసుకుని హైదరాబాద్‌లో దిగేదెట్ల?" అన్నారు.

చాకు నా దగ్గరే ఉంది. ఆయన ఉన్న నెల రోజులూ పొద్దున కాఫీ తాగాక దాన్ని అడిగి తీసుకుని, మెత్తటి గుడ్డతో పిడి తుడిచి, మళ్ళీ డ్రాయర్లో పెట్టేవారు.