మూడు వానాకాలాలు వాడిన క్లిప్ లెన్సు, ఒక అటికమామిడి పురుగు

బట్టల క్లిప్పులా ఫోన్ కెమెరాకి తగిలించుకునే మాక్రో లెన్సు, అంటే చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా చూపించే లెన్సు ఇది. తిరుపతిలో ఫోన్ కవర్లు అమ్మే కొట్లో 350 రూపాయలకి కొన్నాను. డబ్బా మీద కంపెనీ పేరు కూడా లేదు. గొంగళి పురుగుల ఫోటోల కోసమే దీన్ని మూడు వానాకాలాలుగా వాడుతున్నా.

దీని విలువ తెలిసింది పోయినేడు. ఇంటి వెనక ఖాళీ జాగాలో అటికమామిడి తీగ మీద వేలెడంత ఆకుపచ్చ పురుగు కనిపించింది. తోక మీద కొమ్ము, ముందు భాగంలో రెండు పక్కలా కళ్ళలాంటి మచ్చలు. పుల్లతో తాకగానే తల లోపలికి లాక్కుని ఆ మచ్చల దగ్గర ఉబ్బింది. "ఏందిరా ఇది, పాము పిల్ల మాదిరి ఉండాది!" అని అమ్మ రెండడుగులు వెనక్కేసింది.

మామూలుగా తీసిన ఫోటో చూసి, పేర్లు చెప్పే ఒక యాప్ గన్నేరు మీద పెరిగే హాక్ మాత్ (ఒక రకం పెద్ద రెక్కల పురుగు) పిల్ల అంది. నాకు నమ్మకం కుదరలేదు. ఆ పురుగు గన్నేరు, నందివర్ధనం లాంటి పాలు కారే చెట్లు తింటుంది. ఇదేమో అటికమామిడి ఆకులు నములుతోంది. అప్పుడు లెన్సు పెట్టి కాళ్ళు లెక్కపెట్టాను. తల వెనకే మూడు జతల అసలు కాళ్ళుంటాయి. గన్నేరు పురుగుకి కంటిమచ్చ మూడో జత కాళ్ళకి సరిగ్గా పైన ఉంటుంది, అదీ నీలంగా. దీనికి పెద్ద మచ్చ ఆ కాళ్ళు దాటాక, తర్వాతి కణుపు మీద ఉంది. దాని వెనక చిన్న మచ్చ ఇంకోటి.

అయినా అనుమానం తీరక, రోజూ అదే ఆకు వేస్తూ డబ్బాలో పెంచాను. తిండి మానేసి, ఎండుటాకుల కింద దూరి ప్యూపా (రెక్కలొచ్చే ముందు కదలకుండా ఉండే దశ) అయింది. పదహారో రోజు పొద్దున డబ్బా గోడకి మాత్ వాలి ఉంది. ముందు రెక్క మీద కొస నుంచి వెనక అంచు దాకా ఏటవాలుగా వెండి గీత, కింద రెక్క మొదట్లో ఎరుపు. శాస్త్రీయ నామం హిప్పోటియన్ సెలెరియో, ఇదీ హాక్ మాతే, కానీ వేరే రకం. సాయంత్రం వదిలేశాను.

లెన్సుతో ఇబ్బందులూ ఉన్నాయి. పురుగుకి రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి వెళ్తేగానీ ఫోకస్ కుదరదు. అంత దగ్గరికెళ్తే ఫోన్ నీడ దాని మీదే పడుతుంది. కొమ్ము స్పష్టంగా వస్తే తల మసక. గాలి వీస్తే ఇంక అంతే, ఆకు వెనక చెయ్యి అడ్డం పెట్టి ఊపిరి బిగబట్టాలి. రెండు మూడు కెమెరాలున్న ఫోన్ అయితే అది తనంతట తాను వేరే కెమెరాకి మారిపోయి చికాకు పెడుతుంది. ఫోన్ కవరు తీయకపోతే క్లిప్పు వంకరగా కూర్చుంటుంది.

అన్నిటికీ ఇది అక్కర్లేదు. వేరుశనగ చేలో ఎర్ర గొంగళి పురుగుని మా పెద్దోళ్ళు గట్టు మీద నిలబడే చెప్పేస్తారు. తొలకరి పడ్డాక నేలలోంచి వచ్చే దాని మాత్‌లని వెలుగుతో రప్పించి చంపడానికి రాత్రిళ్ళు మంటలు వేసినవాళ్ళు వాళ్ళు. శేషాచలం అడవి వైపు వెళ్తే నేను ఫోటోతోనే సరిపెట్టుకుంటా. అక్కడి పురుగుని డబ్బాలో వేసుకురాకూడదు. ఇప్పుడు పురుగు ఏ చెట్టు మీదుందో తెలియాలని, దాని ఫోటోకి ముందు ఆ చెట్టు ఆకునీ పువ్వునీ తీస్తున్నా, వాటికి లెన్సు కూడా అక్కర్లేదు.

క్లిప్పు రబ్బరు పోయిన నెల ఊడిపోయింది. సైకిల్ ట్యూబు ముక్క అంటించాను, అసలుదానికంటే గట్టిగా పట్టుకుంటోంది.